ఉన్నిమిల్లులో దాగిన మోటారుకార్లు

ఫ్రాన్సు దేశానికి తూర్పు కొసన, జర్మనీ సరిహద్దుకూ స్విట్జర్లాండు సరిహద్దుకూ దగ్గరగా, ములూజ్ అనే పట్టణం ఉన్నది. ఒకప్పుడు ఆ ఊళ్లో మిల్లుల పొగగొట్టాలు ఎన్ని ఉండేవంటే, దానికి "నూరు పొగగొట్టాల ఊరు" అనే పేరు వచ్చింది.

ఆ మిల్లుల కథకు మన తీరంతో ఒక చిన్న సంబంధం ఉన్నది. పూర్వం మచిలీపట్నం మొదలైన రేవుల నుంచి అద్దకపు నూలుబట్టలు ఓడలమీద ఐరోపాకు వెళ్లేవి. ఎన్నిసార్లు ఉతికినా రంగు పోని ఆ బట్టలంటే అక్కడివాళ్లకు ఎంతో మోజు. ఓడ వచ్చేదాకా కాచుకోవటం ఎందుకు, మనమే తయారుచేద్దాం అనుకుని ములూజ్ వర్తకులు కొందరు 1746 లో అద్దకపు కార్ఖానా ఒకటి పెట్టారు. ఆ బట్టలకు "ఇందియెన్" అని పేరు. అంటే ఇండియా బట్ట అన్నమాట! ఇండియా మొహం చూడని ఇండియా బట్ట. అందుచేత ఏది అసలు, ఏది నకలు అనే పేచీ ఆ ఊరికి కొత్తది కాదు.

ఈ రోజుల్లో ములూజ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది బట్టలకోసం రారు, మోటారుకార్ల కోసం వస్తారు. పాత ఉన్నిమిల్లు ఒకదానిలో 400 కు పైగా పాతకార్లు ఉన్నాయి. ప్రపంచంలోకల్లా పెద్ద మోటారు ప్రదర్శనశాలల్లో అది ఒకటి. లోపల అడుగుపెడితే మిల్లులా ఉండదు, రాత్రివేళ పట్టణంలో వీధిలాగా ఉంటుంది. కార్లమధ్య బాటలు, బాటలవెంట దీపస్తంభాలు. ఆ స్తంభాలు పారిస్‌లో అలెగ్జాండర్ వంతెన మీద ఉన్న దీపాలకు నకళ్లు. ఒకటి కాదు, రెండు కాదు, వందలకొద్దీ ఉన్నాయి!

పాతకారుకు జీర్ణోద్ధరణ చేయటం అంటే చాలామంది మనసులో ఒక బొమ్మ ఉంటుంది. షెడ్డులో దుమ్ముకొట్టుకుని ఒక కారు ఉంటుంది. ఎవరో వచ్చి తుప్పు గీకి, రంగు కొట్టి, ఇంజనులో కొత్త నూనె పోసి తాళం తిప్పుతారు. కారు గుర్రుమంటూ బయలుదేరుతుంది. టెలివిజనులో ఈ పని ఒక గంటలో అయిపోతుంది. ఈ బొమ్మలో దాదాపు ప్రతి ముక్కా తప్పే. ఎందుకు తప్పో తెలుసుకోవటానికి ములూజ్ మిల్లుకన్న మంచిచోటు లేదు. ముందు ఆ కార్లు అక్కడికి ఎలా వచ్చాయో చెప్పాలి.

హాన్స్ ష్లుంఫ్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అని ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి స్విట్జర్లాండువాడు, తల్లిది ములూజ్. అన్నదమ్ములు ఉన్ని వ్యాపారంలో పైకి వచ్చి, ఒక్కొక్క మిల్లే కొంటూపోయారు. తమ్ముడు ఫ్రిట్జ్‌కు కార్లపిచ్చి. అందులోనూ బుగాటి కార్లంటే ప్రాణం. ములూజ్‌కు ఉత్తరంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో మోల్‌షైమ్ అనే చిన్న ఊరు ఉన్నది. ఎత్తోరె బుగాటి అనే ఇటలీవాడు 1909 లో అక్కడ కార్ఖానా పెట్టి, గుర్రపులాడం ఆకారపు ముందుభాగంతో అందమైన కార్లు తయారుచేశాడు. 1947 లో ఆయన పోయాక ఆ కార్ఖానా క్షీణించిపోయింది.

1960 దాటాక ఫ్రిట్జ్ ఆ కార్లకోసం ఊరూరా వెతికించాడు. ఎవరెవరి దగ్గర బుగాటి ఉన్నదో జాబితా సంపాదించి వాళ్లకు ఉత్తరాలు రాశాడు. 1964 లో అమెరికానుంచి ఒకే బేరంలో 30 బుగాటీలు రైలెక్కి, ఓడెక్కి ములూజ్‌కు వచ్చాయి. ఆ 30 కీ కలిపి ఇచ్చిన ధర 85,000 డాలర్లు. ఇవాళ ఆ డబ్బుకు అందులో ఒక్కటి కూడా రాదు.

ఈ కార్లన్నిటినీ ఒక పాత మిల్లులో చేర్చి, తలుపులు బిగించాడు. వాటిని బాగుచేయటానికి వడ్రంగులు, తోలుపనివాళ్లు, మెకానిక్కులు కలిపి సుమారు 40 మందిని పెట్టుకున్నాడు. లోపల జరిగేది బయట చెప్పమని వాళ్లచేత సంతకాలు పెట్టించాడు. పక్కనే ఉన్న జనానికి కూడా లోపల ఏమున్నదీ పూర్తిగా తెలియలేదు.

మోటారు బాగుచేసే చోట వడ్రంగికి ఏం పని అని మీకు సందేహం రావచ్చు. ఇదే మొదటి పొరపాటు. ఈనాటి కారు ఒళ్లంతా ఇనపరేకు. ఆనాటి కారు అలాంటిది కాదు. కింద ఇనుముతో చేసిన చట్రం, దానిమీద ఇంజను, చక్రాలు ఒక కార్ఖానాలో తయారయ్యేవి. పైన కూర్చునే ఒళ్లు వేరే పనివాళ్లు కట్టేవారు. వాళ్లు పూర్వం గుర్రపుబళ్లు కట్టిన వంశాలవాళ్లు. ముందు చేవగల కర్రతో అస్థిపంజరంలాంటి చట్రం బిగించి, దానిమీద పల్చని అల్యూమినియం రేకుగాని ఇనపరేకుగాని చేత్తో సాగగొట్టి తొడిగేవారు. అంటే ఆ కారు సగం మోటారు, సగం బండి.

బయట రేకు తళతళలాడుతుంటే కారు బాగున్నదని అనుకుంటాం. లోపల కర్ర చివికిపోయి, పిడికిట పట్టుకుంటే పొడిగా రాలిపోవచ్చు. తలుపు వేస్తే సరిగా పడకపోవటం దీనికి ఒక గుర్తు. కర్ర మార్చాలంటే రేకు ఊడదియ్యాలి. రేకు ఊడదీస్తే అది వంగుతుంది, పగులుతుంది. దాన్ని మళ్లీ మొదటిలాగే తొడగటం కొత్తది చేయటంకన్న కష్టం. ఇటువంటి కారు ఒక్కదాన్ని పూర్తిగా విప్పి బాగుచేయటానికి వేల గంటలు పట్టటంలో వింత లేదు. ఇంజను బాగుచేస్తే ముప్పాతిక పని అయిపోయిందని అనుకుంటారుగాని, తరుచు డబ్బూ కాలమూ మింగేసేది ఒళ్లే.

తుప్పు సంగతి కూడా చెప్పుకోవాలి. ఇనుము గాలిలోని ఆక్సిజనుతోనూ నీటితోనూ కలిస్తే తుప్పు అవుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే పొరలు పొరలుగా ఉబ్బి రాలిపోతుంది. కింద కొత్త ఇనుము బయటపడి, అదీ తుప్పవుతుంది. అల్యూమినియం అలా కాదు. దానిమీద ఏర్పడే సన్నని పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. అయితే అల్యూమినియం రేకును ఇనపమేకుతో బిగించి, మధ్యన తడి చేరనిస్తే, ఆ రెండు లోహాలూ తడీ కలిసి ఒక చిన్న బ్యాటరీలాగా పనిచేస్తాయి. అప్పుడు అల్యూమినియమే తినుకుపోతుంది. రంగుకింద ఈ పని మెల్లిగా సాగిపోతూ ఉంటుంది. పైన మరో రంగు కొట్టినంతమాత్రాన ఆగదు.

కొందరు తుప్పు వదలగొట్టటానికి ఇసుకను గాలివేగంతో రేకుమీదికి కొట్టిస్తారు. మందపు చట్రానికి అది పనికివస్తుంది. పల్చని తలుపురేకుకు అదే చేస్తే, ఇసుకరేణువుల దెబ్బలకు ఆ పక్క సాగి, రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. తుప్పు పోతుంది, తలుపూ పోతుంది.

ఇక మెరుపు. పాతకారు ఎంత మెరిస్తే అంత బాగా చేసినట్టు అనుకోవటం అన్నిటికన్న గట్టిగా పాతుకున్న పొరపాటు. 1920 ప్రాంతాల దాకా కారుకు రంగు వేయటం అంటే కుంచెతో పూత తరవాత పూత వేయటం. ఒక్కొక్క పూతా ఆరాలి, దాన్ని రుద్ది నున్నగా చేయాలి, మళ్లీ వేయాలి. ఒక్క కారుకు వారాలు పట్టేది. 1923 లో అమెరికాలో తొందరగా ఆరే కొత్తరకం లక్కరంగు కార్లకు వాడటం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. ఆ పాత పూతల నిగనిగ లోతుగా, మెత్తగా ఉంటుంది. ఈనాటి రంగు వేస్తే కారు నీళ్లలో ముంచి తీసినట్టు మెరుస్తుంది. చూడటానికి బాగానే ఉంటుందిగాని, ఆ కారు పుట్టిన రోజున కూడా అలా మెరిసి ఉండదు!

లోహపు తాపడం కూడా ఇంతే. ప్రదర్శనలో పాతకారు కనిపిస్తే దాని దీపాల చుట్టూ ఉన్న లోహాన్ని పరకాయించి చూడండి. కొద్దిగా పసుపుచాయ కలిసిన తెలుపైతే అది నికెల్. నీలిచాయ తెలుపైతే క్రోమియం. కార్లకు క్రోమియం తాపడం వాడుకలోకి వచ్చింది 1920 దశకం చివర. అంతకన్న ముందుకాలపు కారుకు నీలిచాయ తళుకు ఉంటే, ఎవరో తరవాత మెరుగుపెట్టారన్నమాట. ఇంత చిన్న విషయం పట్టుకుంటే పెద్దవాళ్లే తెల్లబోతారు.

మళ్లీ మిల్లుకు వద్దాం. లోపల కార్లు ఒక్కొక్కటే మెరుగు దేరుతూ ఉండగా, బయట ఉన్ని వ్యాపారం దెబ్బతిన్నది. 1976 లో ష్లుంఫ్ సోదరులు మిల్లుపనివాళ్లను తొలగించటం మొదలుపెట్టారు. సమ్మెలు జరిగాయి. అన్నదమ్ములు సరిహద్దు దాటి బాసెల్‌కు వెళ్లిపోయారు. జీతాలు రాక, పని పోయి, వందల కుటుంబాలు దిక్కుతోచక ఉన్న సమయంలో, 1977 మార్చిలో పనివాళ్లు తలుపులు తోసుకుని ఈ పాతమిల్లులోకి ప్రవేశించారు.

వాళ్ల కళ్లబడిన దృశ్యం ఊహించుకోండి. దీపాలవీధులు, బాటలు, వరసల్లో నిలిచిన వందల కార్లు. తమ చెమట ఎక్కడికి పోయిందో వాళ్లకు అప్పుడు తెలిసింది. పని చేయించని ఒక చిన్న పాతకారును కోపం పట్టలేక తగలబెట్టారని చెబుతారు. అయితే మిగిలినవాటి మీద చెయ్యి వేయలేదు. రెండేళ్లపాటు రాత్రింబగళ్లు కాపలా కాశారు. తలుపులు తెరిచి, టిక్కెట్టు లేకుండా జనాన్ని లోపలికి రానిచ్చారు. లక్షలమంది వచ్చి చూశారు. ఈ కార్లు ఊరు దాటిపోతే తమకు రావలసిన డబ్బుకు ఇక హామీ లేదని వాళ్లకు తెలుసు. 1978 లో ఫ్రెంచి ప్రభుత్వం ఆ కార్లన్నిటినీ చారిత్రక సంపదగా ప్రకటించింది. అందువల్ల వాటిని విడగొట్టి విదేశాలకు అమ్మటానికి వీలులేకపోయింది. తరవాత ఊరివాళ్లూ ప్రాంతపు సంస్థలూ కలిసి కొని, 1982 లో ప్రదర్శనశాల తెరిచారు. అన్నదమ్ములు స్విట్జర్లాండులోనే ఉండిపోయారు.

నా మట్టుకు నాకు ఆ కార్లను చూస్తుంటే, వాటిని సేకరించినవాడి గొప్పకన్న కాపలా కాసినవాళ్ల ఓపికే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ కార్లలో అందరూ ముందు వెతికేది బుగాటి రొయాల్‌ను. రాజులకోసమని తలపెట్టిన కారు అది. దాని ఇంజనులో 8 సిలిండర్లు, మొత్తం 12.7 లీటర్ల పరిమాణం. మన మారుతి 800 ఇంజన్లు 16 కలిపితే అంత అవుతుంది! ముందుభాగం కొసన నిక్కి నిలుచున్న వెండి ఏనుగు ఉంటుంది. ఎత్తోరె తమ్ముడు రెంబ్రాంట్ శిల్పి. ఆ ఏనుగు అతను చేసిన బొమ్మే. అయితే 1930 ప్రాంతంలో ప్రపంచమంతటా డబ్బుకరువు వచ్చింది. రొయాల్ కొన్నవాళ్లు ముగ్గురే ముగ్గురు. మిగిలిపోయిన ఇంజన్లను బుగాటి రైలుపెట్టెలకు బిగించి ఫ్రెంచి రైల్వేలకు అమ్మాడు. రాజులకని చేసిన ఇంజన్లు చివరకు మామూలు ప్రయాణీకులను మోశాయి. అటువంటి రైలుపెట్టె ఒకటి ములూజ్‌లోనే ఉన్న రైళ్ల ప్రదర్శనశాలలో చూడవచ్చు.

మిల్లులో మూడు రొయాల్‌లు కనిపిస్తాయి. మూడోది ఆకుపచ్చటి పొడుగాటి కారు, పైన కప్పు లేదు, ముందు దీపాలు లేవు. పారిస్ బట్టల వర్తకుడు ఎస్‌డెర్స్ అనే ఆయన 1932 లో అలాంటి కారు చేయించుకున్నాడు. నేను రాత్రిళ్లు కారు నడపను, నాకు దీపాలు ఎందుకన్నాడట. తరవాత కొన్నేళ్లకు ఆ కారు మరొకరి చేతికి పోయింది. వాళ్లు ఒళ్లు ఊడదీయించి, పారిస్‌లో బిండర్ అనే సంస్థ చేత వేరే ఒళ్లు కట్టించుకున్నారు. ఆ కారు ఈనాటికీ ఉన్నది, వేరేచోట ఉన్నది. మరి ములూజ్‌లో ఉన్నది ఏమిటి? ఫ్రిట్జ్ కొన్న సామానులో రొయాల్ విడిభాగాలు ఉన్నాయి. వాటిని ఆధారం చేసుకుని, ఎస్‌డెర్స్ కారు పాత ఫోటోలు చూసి, తిరిగి తయారుచేసినది. 1990 లో పూర్తయింది.

ఇప్పుడు చెప్పండి, ఎస్‌డెర్స్ కారు ఏది? ఆయన ఎక్కిన చట్రం, ఇంజను ఒకచోట వేరే ఒంటితో ఉన్నాయి. ఆయన చూసిన రూపం ఇంకొకచోట వేరే చట్రంమీద ఉన్నది. తాతగారి పడకకుర్చీకి మీ నాన్నగారు కాళ్లు మార్పించారు, మీరు పెద్దయ్యాక పట్టెలు మార్పించారు అనుకోండి. అది తాతగారి కుర్చీయేనా? పాడైన పాతకాళ్లనూ పాతపట్టెలనూ ఎవరో అతికించి ఇంకో కుర్చీ చేస్తే అప్పుడు? పాతకార్ల లోకంలో ఇది వేళాకోళం కాదు. కోర్టుల దాకా వెళ్లే తగాదా. భాగాలు కొత్తవైతేనేం, కారు అదే కదా అనేవాళ్లు ఉన్నారు. అందుకే చట్రంమీదా ఇంజనుమీదా చెక్కిన నంబర్లను భూతద్దం పెట్టి చూస్తారు. ములూజ్ కారును నకలని దాచకుండా చెప్పి చూపిస్తారు. అలా చెప్పినంతకాలం అందులో మోసం లేదు.

కార్లను బాగుచేయించటంలో ఫ్రిట్జ్ ఎంత తొందరపడినా, అన్నిటికీ వంతు రాలేదు. పని మొదలుపెట్టని కార్లు కొన్ని మాల్మెర్స్‌పాక్ అనే ఊళ్లో, ఇంకొక మిల్లులో చీకట్లో ఉండిపోయాయి. వ్యాజ్యాలు నడిచి, చివరకు వాటిలో 62 కార్లు ఫ్రిట్జ్ కుటుంబానికి దక్కాయి. 2008 లో పీటర్ ముల్లిన్ అనే అమెరికా సేకర్త వాటిని కొన్నాడు. రంగు వెలిసిపోయి, సీట్ల తోలు చిట్లిపోయి, దుమ్ముతో ఉన్న ఆ కార్లను ఆయన ఏం చేశాడనుకున్నారు? వాటిలో పెక్కింటిని అలాగే ఉంచాడు. తన ప్రదర్శనశాలలో తళతళలాడే కార్ల పక్కన ఈ దుమ్ముకార్లను పెట్టి చూపించాడు.

పిచ్చిపని అనిపిస్తుంది. కాని ఆలోచించండి. అసలు రంగు ఏమిటి, తోలు ఎక్కడ ఎలా కుట్టారు, ఏ మేకు ఎక్కడ కొట్టారు అన్న సంగతులు ఆ కారు ఒక్కటే చెప్పగలదు. ఒకసారి గీకి, విప్పి, కొత్తవి వేశామా, ఆ సాక్ష్యం పోయినట్టే. మళ్లీ రాదు. మెరిసే కారును ఎప్పుడు కావాలంటే అప్పుడు చేసుకోవచ్చు. వెలిసిన కారును చేయలేం.

ముల్లిన్ దగ్గరే ఉన్న మరొక బుగాటి కథ ఇంకా విచిత్రం. స్విట్జర్లాండు దక్షిణాన మజోరె అనే పెద్ద సరస్సు ఉన్నది. దాని ఒడ్డున అస్కోనా అనే ఊరు. 1925 నాటి చిన్న బుగాటి ఒకటి ఫ్రాన్సునుంచి అక్కడికి చేరింది. దానిమీద దిగుమతి సుంకం కట్టలేదు. సుంకం కట్టని వస్తువును నాశనం చేయాలని అధికారుల నిబంధన. అప్పుడు దాన్ని గొలుసుకు కట్టి సరస్సులోకి దించేశారు. కావాలనుకున్నప్పుడు గొలుసు పట్టి లాగవచ్చునన్న ఆశ ఎవరికో ఉండే ఉంటుంది. కొంతకాలానికి గొలుసు తుప్పుపట్టి తెగింది. కారు 50 మీటర్లకు పైగా లోతున అడుగుకు చేరింది. 1967 లో ఒక ఈతగాడు దాన్ని కనిపెట్టాడు. ఆ తరవాత నలభై ఏళ్లు అది ఈతగాళ్లకు చూడముచ్చటగా నీళ్ల అడుగునే ఉన్నది.

2008 లో ఆ ప్రాంతపు యువకుడొకడు అల్లరిమూక చేతిలో దెబ్బలు తిని చనిపోయాడు. అతని పేర, యువకుల్లో దౌర్జన్యం తగ్గించటానికి ఒక సంస్థ పెట్టారు. దానికి డబ్బు కావాలి. ఊరి ఈతగాళ్ల సంఘంవాళ్లు, మన బుగాటిని పైకి తీసి అమ్ముదాం అన్నారు. 2009 జులైలో జనమంతా ఒడ్డున చేరి చూస్తుండగా కారు నీళ్లలోనుంచి లేచింది. పక్కకు ఒరిగి పడిఉండటంవల్ల ఒక పక్క బురదలో కూరుకుపోయింది. అక్కడ ఆక్సిజను తక్కువ. అందుచేత ఆ పక్క కొంత నిలిచింది. నీళ్లకు తెరిచి ఉన్న పక్క జల్లెడ అయిపోయింది. 2010 జనవరిలో పారిస్ వేలంలో దానికి 2,60,000 యూరోలకు పైగా వచ్చాయి. కొన్నవాడు ముల్లిన్.

బాగుచేయవద్దు, తుప్పు ఇంకా ముదరకుండా మాత్రం చూడండి అన్నాడాయన. చక్రాలు వంకరపోయి, ఒళ్లు చిల్లులుపడిన ఆ కారును నీలిదీపపు వెలుగులో పెడితే, చూడవచ్చినవాళ్లు మిగిలిన కార్లను వదిలి దానిచుట్టూ మూగేవారు. ముల్లిన్ 2023 లో చనిపోయాడు. 2024 లో ఆ ప్రదర్శనశాల మూసేశారు.

ఆ కారునే విప్పి, పనికిరానివన్నీ తీసేసి, కొత్తవి వేసి ఉంటే ఏమయ్యేది? ఇంకొక నీలిరంగు బుగాటి అయ్యేది. అలాంటివి లోకంలో ఇంకా ఉన్నాయి. 70 ఏళ్లు సరస్సులో ఉన్నది మాత్రం ఇదొక్కటే.

అలాగని ప్రతి కారునూ తుప్పుతో వదిలేయాలని కాదు. ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నకు పాతకార్ల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య 2012 లో కొన్ని నియమాలు రాసింది. ఇటలీలోని టూరిన్ పేర వాటిని పిలుస్తారు. అసలు సామాను ఎంత వీలైతే అంత ఉంచాలి. చేసిన ప్రతి పనీ రాసిపెట్టాలి. కొత్తగా వేసిన భాగం కొత్తదని తెలిసేట్టు గుర్తు ఉండాలి అని వాటి సారాంశం. మన పురావస్తు శాఖవారు పగిలిన శిల్పాలకు చేసేదీ ఇటువంటిదే.

మన హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడ పసుపుపచ్చటి రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోబోయిన కారు అది. 1911 లో ఆయన చనిపోయాడు, కారు 1912 నాటిది. ఈసారి వెళ్లినప్పుడు అద్దాలగదిలో పసుపురంగు చూసి ముచ్చటపడటంతో ఆగకుండా, దీపాల తాపడమూ, తలుపుల కుదురూ, చక్రాల కమ్మీలూ పరీక్షగా చూడండి.

రాజుల కార్లే అక్కరలేదు. ఎన్నో ఊళ్లలో కొట్టాంలోనో, వేపచెట్టుకిందో పాత ఫియట్టో అంబాసిడరో ఉంటుంది. దాన్ని కదపకుండా ఉంచాం గనుక చెడిపోలేదని ఇంట్లోవాళ్లు అంటారు. నిజానికి కదలని కారే తొందరగా చెడుతుంది. ట్యాంకులో పెట్రోలు ఎండి జిగురవుతుంది. టైర్ల రబ్బరును గాలిలోని ఓజోను పగలగొడుతుంది. బ్రేకునూనె గాలిలో తేమను పీల్చుకుని లోపలి గొట్టాలకు తుప్పుపట్టిస్తుంది. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. సిలిండరు గోడకు పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుంటాయి. పాతది పాతదైన కొద్దీ ధర పెరుగుతుందనేది కూడా ఎప్పుడూ నిజం కాదు. లక్షలకొద్దీ తయారైన కారుకు బాగుచేయించే ఖర్చు దాని ధరను మించిపోవటం మామూలే. అయినా తాతగారు పెళ్లికి ఎక్కి వెళ్లిన కారు అయితే ఆ లెక్క ఎవరు చూస్తారు?

అటువంటి కారు మీ ఇంట్లో ఉంటే, ఎవరైనా కొత్త బ్యాటరీ తెచ్చి "ఏదీ, స్టార్టు చేద్దాం" అనబోతే ఆపండి. ఎండిపోయిన ఇంజను ఒక్కసారిగా తిరిగితే రింగులు విరిగి గోడలు గీసుకుపోతాయి. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త నూనె పోసి, నాలుగైదు రోజులు ఆగాలి. తరవాత మెకానిక్కు చేత్తో మెల్లిగా తిప్పిచూస్తాడు. కదలకపోతే బలవంతం పనికిరాదు. మళ్లీ నూనె, మళ్లీ ఓపిక. ఆ నాలుగైదు రోజుల్లో పిల్లలు చేయగల పని ఉన్నది. కారును అన్ని పక్కలనుంచీ, లోపలా బయటా, ఫోటోలు తీయండి. మెకానిక్కు ఊడదీసే ప్రతి మరనూ ఒక డబ్బాలో వేసి, ఎక్కడిదో చీటీ రాసి అంటించండి. సీటుకింద తడిమిచూస్తే పాత సినిమా టిక్కెట్టో, పెట్రోలు రసీదో దొరకవచ్చు. దాన్ని ఊడ్చిపారేయకుండా, తేదీ కనబడితే రాసుకుని, అదే డబ్బాలో పెట్టండి.